ఏడేళ్ళ నోటికి ఇంటిల్లిపాదీ కాపలా

పిల్లకు ఏడేళ్ళు నిండగానే దాని నోరు ఇంటి ఉమ్మడి ఆస్తి అయిపోవాలి! ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. అంతవరకు ఆ నోటితో అది తింటుంది, అరుస్తుంది, పాటలు పాడుతుంది. ఇంత విలువైన అవయవాన్ని ఒక చిన్నపిల్ల ఇష్టానికి వదిలేసి పెద్దవాళ్ళు నిశ్చింతగా ఎలా కూర్చుంటారండీ?

మేమూ అలాగే కూర్చున్నాం, సిగ్గుచేటు. ఈలోగా స్కూల్లో పళ్ళ క్యాంపు పెట్టి, ఏడేళ్ళకే ఒకసారి దవడ ఎదుగుదల చూపించుకుంటే మంచిదని చీటీ పంపారు. మంచి మాటే. మా అమ్మాయిని తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది. పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి, ముందుపళ్ళ మధ్య కాస్త సందుంది, అంతే. "ఇప్పుడు చెయ్యాల్సిందేమీ లేదండీ. ఆర్నెల్ల తర్వాత తీసుకురండి" అంది.

చెయ్యాల్సిందేమీ లేదా? కన్నవాళ్ళతో అనాల్సిన మాటేనా అది!

మా సంగతి మీకు కాస్త చెప్పాలి. మా ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. రెండు బొత్తాల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపేస్తుంది. నేను పత్రికలో ప్రూఫులు దిద్దుతూ, మిగిలిన టైములో ఈ కాలమ్ రాస్తుంటాను. రెండు అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అలాంటి మా ఇద్దరికీ, ముందుపళ్ళలో సందుతో, ఓ పిల్ల!

"ఏమండీ, ఆర్నెల్లు చేతులు ముడుచుకుని కూర్చుంటామా?" అంది మా ఆవిడ. మర్నాటి నుంచే నోటి పరేడ్ మొదలైంది. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి అమ్మాయి నోరు తెరుస్తుంది. మా ఆవిడ బొత్తాలు కొలిచే స్కేలుతో సందు కొలుస్తుంది. నేను టార్చి పట్టుకుని, ఆ అంకెను ఫ్రిజ్ మీది చార్టులో రాస్తాను. ఒకరోజు సందు అర మిల్లీమీటరు పెరిగింది! ఇద్దరం ఆఫీసులకు సెలవు పెట్టాం. సాయంత్రానికి తేలిందేమిటంటే, పిల్ల నవ్వడంతో స్కేలు జారిందట.

ఇక లాభం లేదని, కొలిచేటప్పుడు నవ్వకూడదని రూలు పెట్టాం. వారం తిరిగేసరికి, కొలతకు గంట ముందు నుంచీ నవ్వకూడదన్నాం.

మధ్యాహ్నం డ్యూటీ మా అమ్మది. వేలు చీకితే పళ్ళు ఎత్తుగా వస్తాయని ఎక్కడో చదివి, ఆవిణ్ణి పిల్ల బొటనవేలికి కాపలా పెట్టాను. పిల్లకు వేలు చీకే అలవాటు లేదు. అయితే మాత్రం, జాగ్రత్త జాగ్రత్తే కదా! "ఒరేయ్, నాకు ఒక్క సొంత పన్నూ లేదు. కట్టుడు పళ్ళతో హాయిగా నవ్వుతున్నాను. దాన్ని వదిలెయ్యరా" అని మా అమ్మ గొణిగింది. పళ్ళ విషయంలో పళ్ళు లేనివాళ్ళ సలహాలు మేం తీసుకోం.

పిల్ల మేనమామ వీడియో కాల్‌లో "ఎలా ఉన్నావే?" అనడం మానేసి, "ఏదీ, పళ్ళు చూపించి 'ఈ' అను" అంటున్నాడు. లిఫ్టులో పక్కింటావిడా అదే మాట. ఏడేళ్ళకే ఎంత గుర్తింపు!

ఇంట్లో ప్రశాంతత సంగతి సరేసరి. ఇదివరకు మా అమ్మాయి నవ్విందంటే పై అంతస్తువాళ్ళు తలుపు తీసి చూసేవాళ్ళు. ఇప్పుడు పెదాలు బిగించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కుతో చిన్న శబ్దం చేస్తుంది. క్లాసు ఫోటోలో ముప్ఫై తొమ్మిది మంది ఇకిలిస్తుంటే, మా పిల్ల ఒక్కతే బ్యాంకు మేనేజరులా హుందాగా ఉంది. ఆ ఫోటో చూసి మా ఆవిడ ఎందుకో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆర్నెల్లయ్యాయి. చార్టు చుట్టచుట్టి పట్టుకెళ్ళాం. డాక్టరమ్మ దాన్ని విప్పనైనా లేదు. "దవడ చక్కగా ఎదుగుతోంది. సందు దానంతటదే పూడుకుంటోంది. క్లిప్పులు అవసరం పడకపోవచ్చు" అంది. నేను గర్వంగా మా ఆవిడ వైపు చూశాను. మాకు భయపడి కాకపోతే ఆ సందు ఎందుకు పూడుకుంటుంది?

"రికార్డు కోసం ఒక ఫోటో తీస్తాను. ఏదీ, బాగా నవ్వమ్మా" అని డాక్టరమ్మ కెమెరా ఎత్తింది.

మా అమ్మాయి నవ్వలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

"నాన్నా, ఎంతవరకు నవ్వాలి?"

డాక్టరమ్మ కెమెరా దించేసింది. "పళ్ళు నేను చూసుకుంటాను. మీరిద్దరూ కొన్నాళ్ళు ఈ పిల్ల నోట్లోకి చూడకండి" అంది.

పాఠకులారా, గొప్పలు చెప్పుకుందామనే ఈ కాలమ్ మొదలుపెట్టాను. ఏమీ చెయ్యొద్దని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ ఒక్కటే మాకు చేతకాలేదు. పళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. నవ్వు సర్దుకోవాలంటే పిల్లను ఎవరికి చూపించాలో, మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.