నాన్న గొంతు తగ్గించిన రోజు

ఆదివారం ఉదయం కాఫీలు కాగానే బస్టాండు ఎనౌన్సరు ఇంటిల్లిపాదినీ హాల్లో సమావేశపరిచాడు. ఇంటిల్లిపాదీ అంటే భార్య, తల్లి. నాలుగు నెలల చదువుకని పై దేశం వెళ్ళిన ఒక్కగానొక్క కూతురు ఆ పూటే తిరిగి వస్తోంది.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు!" అన్నాడు. ఆ మాటకి కింది వాటా లాయరుగారు కిటికీ మూసుకున్నారు.

ఆ ఇంట్లో గొంతనేది వృత్తిధర్మం. మైకు పాడైన రోజున కూడా ఎనౌన్సరు వల్ల ఏ ప్రయాణికుడికీ బస్సు తప్పిపోలేదు. భార్య బళ్ళో ఆటల టీచరు. మైదానం అవతలి కొసన ఉన్న పిల్లవాణ్ణి ఆమె కూర్చున్నచోటి నుంచే తిట్టగలదు. ఇక తల్లికి చెవులు పాముచెవులే అయినా, టీవీ మాత్రం వీధి చివరి వాళ్ళకి కూడా కథ అర్థం కావాలన్నంత దయతో పెడుతుంది. ఈ ముగ్గురి మధ్యా తన మాట తాను వినిపించుకోవడానికి పుట్టిన దగ్గర్నుంచీ వాగుతూనే ఉండబట్టి కూతురికి పిచిక అని పేరు పడింది.

ఆ పిచిక ఫోన్ చేసినప్పుడల్లా, "ఇక్కడ ఎంత నిశ్శబ్దమో తెలుసా నాన్నా! ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు" అనేది. పోయిన వారం ఇంకో మాట చెప్పింది. "ఇంకో రెండేళ్ళు ఇక్కడే చదవమంటున్నారు. వచ్చే ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలి. ఇంటికొచ్చాక ఆలోచిస్తాలే."

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకునేసరికి ఎనౌన్సరు గుండెల్లో రాయి పడింది. పిల్లకి అక్కడి నిశ్శబ్దం నచ్చింది. ఈ ఇంటి గోల ఒక్క పూట వింటే చాలు, సాయంత్రానికల్లా అక్కడివాళ్ళకి వస్తానని చెప్పేస్తుంది.

"అందుకని, సాయంత్రం దాకా మనం కూడా అక్కడివాళ్ళలాగే ఉండాలి," అన్నాడు. "ఎయిర్‌పోర్టుకి వెళ్ళొద్దు. పెద్దదయింది, దాని దారిన అదే వస్తుంది. ఎందుకు చిక్కావు, ఏం తిన్నావు, ఎవరితో తిరిగావు, ఇవేవీ అడగొద్దు. మీద పడి కావిలించుకోవద్దు."

"కన్నపిల్లని ముట్టుకోవద్దా?" అంది భార్య.

"అదే అడిగితే ముట్టుకో."

తల్లి టీవీకి ఆయన ముందే ఉపాయం ఆలోచించాడు. చెవుల్లో దూర్చుకునే బుల్లి యంత్రాలు కొనుక్కొచ్చాడు. శబ్దమంతా ఆవిడ చెవుల్లోకే పోతుంది, బయటికి చుక్క కూడా రాదు. ఆవిడ వాటిని పెట్టుకుని, పైన శాలువా కప్పుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. బొమ్మ ఎలాగూ రోజూ చూసేదే, కథ వింటే చాలునంది.

ఎయిర్‌పోర్టులో పిచిక పెట్టెల బండి తోసుకుంటూ బయటికి వచ్చి, ముందు చెవులు రిక్కించింది. నాన్న వస్తే వెతుక్కునే పని ఉండదు. ఆయన గొంతు ఎక్కడా వినపడలేదు. కాసేపు నిలబడి చూసి, టాక్సీ ఎక్కింది. చిన్నప్పుడు పక్క ఊరు విహారయాత్రకి వెళ్ళొస్తేనే ముగ్గురూ బస్సుకి ఎదురొచ్చేవారు. ఏదో జరిగింది అనుకుంది.

తలుపు తీసిన నాన్న, "వచ్చావా," అన్నాడు. ఆ మాట పెదవుల కదలికని బట్టి ఊహించుకోవలసి వచ్చింది. వెనకాల అమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, ఏడుపులాంటి నవ్వొకటి నవ్వింది.

"నాన్నమ్మేదీ?"

"పడుకుంది," అని అమ్మ గొంతులోనే అంది. "ఆవిడకి ఇప్పుడు ప్రశాంతంగా ఉందిలే."

పిచిక గుమ్మంలోంచి చూసింది. శాలువా కింద నాన్నమ్మ వెల్లకిలా, కదలకుండా పడుకుని ఉంది. టీవీ బొమ్మ మూగగా ఆడుతోంది. నాన్నమ్మ ఉన్న ఇంట్లో టీవీ మూగబోవడం ఆ పిల్ల ఇంతవరకు చూడలేదు. "నాన్నమ్మా!" అంది. పలుకు లేదు. ముట్టుకోబోతే నాన్న చెయ్యి పట్టి ఆపాడు. "కదపకు."

స్నానానికి వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. లోపల నాన్న అంటున్నాడు: "దానికి మాత్రం తెలియనివ్వకు. సాయంత్రం దాకా ఓర్చుకో."

"నా వల్ల కావట్లేదండీ. గుండె పట్టేస్తోంది," అంది అమ్మ.

పిచిక స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బాబాయికి ఫోన్ చేసింది. బాబాయి అంబులెన్సు డ్రైవరు. ఎవరు తుమ్మారని విన్నా వెంటనే బండి తాళాలు తడుముకునే మనిషి.

"బాబాయ్, నాన్నమ్మ ఉలకట్లేదు, పలకట్లేదు. వీళ్ళు నా దగ్గర ఏదో దాస్తున్నారు. నాన్న గుసగుసగా మాట్లాడుతున్నాడు."

"ఎవరూ? అన్నయ్యా? గుసగుసగానా?" బాబాయి చెయ్యి అప్పుడే తాళాల మీదికి పోయింది. "మా నాన్న పోయినప్పుడు కూడా వాడు గుసగుసలాడలేదే తల్లీ!"

బండి తీస్తూనే ఆయన కింది వాటా లాయరుగారికి ఫోన్ చేసి, మా అమ్మకి బాగాలేదు, నేను వచ్చేలోగా కాస్త పైకి వెళ్ళి చూడండి అని బతిమాలాడు. పొద్దున్నించీ పైనుంచి చిన్న చప్పుడైనా లేకపోవడం లాయరుగారు అప్పటికే గమనించి ఉన్నారు. ఇంక సందేహం ఏముంది? అన్ని వాటాల వాళ్ళకీ కబురు చెప్పి, అందర్నీ వెంటబెట్టుకుని మెట్లెక్కారు.

ఎనౌన్సరు తలుపు తీసేసరికి మెట్ల కింది దాకా జనం, తలలు వంచుకుని, చెప్పులు చప్పుడు కాకుండా నిలబడి ఉన్నారు. ఆయనకి కళ్ళు చెమర్చాయి. తన కూతుర్ని చూడటానికి వచ్చినవాళ్ళు కూడా తన కష్టం తెలుసుకుని ఎంత మెల్లగా మసలుతున్నారు!

"రండి, రండి," అన్నాడు గుసగుసగా.

"ఎప్పుడు?" అన్నారు లాయరుగారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

"ఇందాకే."

"బాధపడలేదు కదా?"

"లేదండీ, దారంతా నిద్రేనట."

లాయరుగారికి ఈ దారి ఏమిటో అంతుపట్టలేదు గానీ, అలాంటి సమయంలో మనిషిని ప్రశ్నలు వెయ్యడం బాగుండదని ఊరుకున్నారు. అంతలో కింద సైరన్ మోగింది. బాబాయి స్ట్రెచరు చంకన పెట్టుకుని, "అమ్మా!" అని ఏడుస్తూ, జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా తిన్నగా గదిలోకి పోయి తల్లిని శాలువాతో సహా రెండు చేతులా ఎత్తాడు.

ఆ ఎత్తడంలో చెవుల్లో యంత్రాలు ఊడి నేలమీద పడ్డాయి, ఆవిడ చెయ్యి తగిలి రిమోటు మంచం కింద పడింది, పడడంలో ఏ మీట నొక్కుకుందో గానీ టీవీ ఇల్లదిరేలా మోగింది. గాల్లో ఉన్న నాన్నమ్మ కళ్ళు తెరిచి అంతకంటే గట్టిగా కేక పెట్టింది. "ఓరి నీ దుంప తెగ! కథ మంచి పట్టు మీదుండగా ఎక్కడికి మోసుకుపోతున్నావురా!"

లాయరుగారి భార్య స్పృహ తప్పింది. వెనకవాళ్ళు ముందుకీ, ముందువాళ్ళు వెనక్కీ తోసుకున్నారు. పొద్దున్నించీ గొంతులో అణిచిపెట్టుకున్నదంతా ఎనౌన్సరుకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"అందరూ దయచేసి ఎక్కడివాళ్ళక్కడ ఆగండి!"

అందరూ ఆగారు. ఒకరిద్దరు అలవాటు కొద్దీ తమ సామాన్ల కోసం చూసుకున్నారు. ఆ నాలుగు గోడలమధ్యా ఆ గొంతు మోగుతుంటే, తడి జుట్టుతో గుమ్మంలో నిలబడ్డ పిచిక ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమిటి నాన్నా ఇదంతా?"

"నీకు నిశ్శబ్దం ఇష్టమని..." అన్నాడు ఎనౌన్సరు. తప్పు చేసినవాడిలా మళ్ళీ గొంతు తగ్గించాడు. "మా గోల చూస్తే మళ్ళీ వెళ్ళిపోతావని భయమేసిందే."

"ఇష్టమని ఎవరు చెప్పారు? ఏడవలేక చెప్పుకున్నా! నాలుగు నెలలు గోడతో మాట్లాడాను. చదువు బాగానే ఉంది, కానీ తిన్నావా అని అడిగే దిక్కు లేదు. అక్కడికి ఇంక రానని చెప్పేద్దామనే వచ్చా. పొద్దున్న మీ మొహాలు చూసి, నాన్నమ్మ సంగతి కూడా నా దగ్గర దాస్తున్నారంటే ఇంట్లో కూడా నేను పరాయిదాన్నయిపోయాననుకుని, వస్తానని ఇందాక సగం రాసేశాను తెలుసా!"

ఎనౌన్సరు గోడకి చేరగిలబడ్డాడు. కూతుర్ని ఉంచుకుందామని పొద్దున్నించీ పడిన పాటంతా దాన్ని పంపించెయ్యడానికే పనికొచ్చేదన్నమాట. పిచిక ఫోన్ తీసి రాసిందంతా కొట్టేసి, రాననే ఒక్క మాట రాసి పంపించింది. అమ్మ ఇంక ఓర్చుకోలేక, మీద పడి కావిలించుకుని, ఎందుకింత చిక్కావు, ఏం తిన్నావు, ఎవరితో తిరిగావు అని వీధంతా వినేలా అడిగింది. ఎనౌన్సరుకి అంత హాయి ఎన్నడూ కలగలేదు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు మాత్రం, వచ్చినందుకైనా భోజనం చేసి గాని కదల్లేదు.