కొరిన్‌కు పట్టిన జబ్బు

ఆ సోమవారం కొరిన్ వేసుకున్న పథకం చిన్నది: తొమ్మిదింటిదాకా పడుకోవడం. కాలేజీ సీటు వచ్చేసింది. సీటు కోసం చదివింది, సీటు వచ్చింది, పన్నెండో తరగతిలో మిగిలిన మూడు నెలలూ ఎవరికోసం చెమటోడ్చాలని ఆమె వాదన. మొదటి పీరియడైన వ్యాయామం క్లాసుకు నీళ్లొదిలేసి, ఇక పొద్దున్నే క్లాసు లేదని తాతయ్య ఆర్విన్‌కు చెప్పింది.

క్లాసు ఎగ్గొడితే బడి నుంచి ఇంటికి రికార్డు చేసిన గొంతు ఫోన్ చేస్తుంది. ఊళ్లో దాన్ని ఎవరూ పూర్తిగా వినరు. భార్య పోయాక పలకరించే దిక్కులేని ఆర్విన్ మాత్రం చివరిదాకా విని, థాంక్స్ కూడా చెప్పాడు. మనవరాలు తనతో అబద్ధం చెప్పి మంచంలో ఉందంటే జబ్బు దాస్తోందని ఆయనకు అర్థమైంది. భార్య కూడా అలాగే దాచింది. కొరిన్‌ను అడిగే ధైర్యం చాలక, చర్చిలో ప్రార్థనల జాబితాకు ఆమె పేరెక్కించాడు.

మర్నాటి నుంచి గుమ్మంలో చర్చివాళ్లు పంపిన గాజు పళ్లేలు, నూడుల్స్, చీజు వేసి కాల్చిన వంటకాలతో దిగసాగాయి. ఖాళీ పళ్లెం తిరిగివ్వడానికి వీలుగా, అడుగున టేపు మీద ఇచ్చినవాళ్ల పేర్లు. ఎదిగే పిల్లకు తిండి పెడితే కారణం అడుగుతుందా? తాతయ్య మీద జాలితో పంపుతున్నారనుకుని కొరిన్ సుబ్బరంగా తింది. ఇలా రెండు నెలలు గడిచాయి. ఈలోగా సంగతి విన్న, పిల్లల బాగోగులు చూసే బడి కౌన్సిలర్, మార్కులు ఎందుకు పడిపోయాయో కాలేజీకి కన్నీళ్లతో ఉత్తరం రాసేసింది. జవాబు కొరిన్‌కే వచ్చింది: ముందు ఆరోగ్యం, సీటు వచ్చే ఏడాదికి జరిపాం, ఇంటిపట్టున విశ్రాంతి తీసుకో.

ఇంకో ఏడాది ఈ ఊళ్లోనా! కౌన్సిలర్‌ను అడిగితే సంగతంతా బయటపడింది. ఆ ఆదివారం చర్చి ప్రార్థన మధ్యలో ఆమె లేచి నిలబడింది.

"నాకే జబ్బూ లేదు. సీటొచ్చాక చదవబుద్ధి కాలేదు, అంతే. నాలుగేళ్లు తల ఎత్తకుండా చదివా, రెణ్ణెల్లు పడుకున్నా. సారీ మాత్రం చెప్పను."

ఆర్విన్ కళ్లు తుడుచుకున్నాడు. "బతికించావే తల్లీ," అన్నాడు.

వ్యాయామం టీచరు డ్రెక్సెల్ వెనక బెంచీలోంచి అడిగింది. "ఇంట్లో పళ్లేలు ఎన్నున్నాయే?"

"ఇరవై మూడు."

"రోజుకొకటి నడిచెళ్లి ఇచ్చిరా, ఎగ్గొట్టిన క్లాసులకు సరి. కారెక్కావో, ఫెయిలే."

కాలేజీకీ కొరిన్ అదే మాట రాసింది, సారీ లేకుండానే. అన్నీ పాసైతే ఈ ఏడాదే రమ్మన్నారు. జూన్ ఎండలో పళ్లెం చంకనబెట్టుకుని ఆమె ఊరంతా తిరిగింది.

ప్రార్థనల జాబితాలోంచి పేరు మాత్రం తీయలేదు. పక్కన జబ్బు అన్న మాట కొట్టేసి బద్ధకం అని రాశారు.