పాటల పండుగలో తప్పిపోయిన చంటోడు

ఆ ఆదివారం పొద్దున్న సెక్యూరిటీ ఇన్‌చార్జి వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్యూజ్‌మెంట్ పార్కులో ఆ రోజు పసిపిల్లల దగ్గర్నుంచి పండు ముసలివాళ్ళ దాకా అందరికీ పాటల పండుగ. అమ్మని వేదిక ముందు బెంచీ మీద కూర్చోబెట్టాలి, నీలం యూనిఫాం నలగకుండా పార్కంతా ఒక చుట్టు చుట్టి రావాలి, ఇద్దరూ కలిసి భోంచేయాలి. అంతే.

"చంటోడా, తినేసి వెళ్ళరా. అసలే షుగరు మనిషివి," అంది అమ్మ, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

"అమ్మా, ఇక్కడ అలా పిలవకు. నా కింద పనిచేసేవాళ్ళు వింటే పరువు పోతుంది. చిటికెలో వచ్చేస్తా," అని, ఫోను ఆవిడ సంచిలోనే మరిచిపోయి, జెయింట్ వీల్ వైపు నడిచాడాయన.

మామూలుగా ఆయన మీసం చూస్తేనే క్యూలు సర్దుకునేవి. ఆ వేళ సర్దుకోలేదు. వరసలో ముందెవరన్న తగువు తీర్చేసరికి వేదిక మీద బృందాలే మారిపోయాయి.

అప్పుడు మైకులో ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "దయచేసి వినండి. ఒక చంటిపిల్లాడు తప్పిపోయాడు. నీలం చొక్కా. వేళకి తిండి పడకపోతే కళ్ళు తిరిగి పడిపోతాడట. తల్లి అనౌన్స్‌మెంట్ గదిలో ఏడుస్తున్నారు."

ఇన్‌చార్జి చటుక్కున వెనక్కి తిరిగాడు. ఆయన హయాంలో ఆ పార్కులో బెలూన్లు తప్ప ఏవీ తప్పిపోలేదు. వాకీటాకీ అందుకుని, "గేట్లు మూసేయండి! జెయింట్ వీల్ ఆపండి!" అని గర్జించాడు.

వీల్ ఆగింది. పైన ఇరుక్కున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఆ గగ్గోలుకి గాయని బెదిరి పాట ఆపేసింది. పాట ఆగిందని జనం లేచారు. లేచిన జనాన్ని చూసి, ఏదో ప్రమాదమనుకుని ఐస్‌క్రీం అమ్మేవాడు బండి వదిలేసి పరుగెత్తాడు. బండి సంగతి పిల్లలు చూసుకున్నారు.

ఇన్‌చార్జి మాత్రం పట్టు వదల్లేదు. డ్రమ్ముల పెట్టెలన్నిటికీ మూతలు తీయించాడు. బొమ్మరైలు సొరంగంలో టార్చి వేసుకుని పాకాడు. దుమ్ముకొట్టుకుని బయటికి వచ్చేసరికి, నీలం చొక్కా బుడతణ్ణి భుజాన వేసుకుని పోతున్న ఒక తాతగారు కనబడ్డారు.

"ఆగండి! ఎవరీ పిల్లాడు?"

"నా మనవడండీ."

"బాబూ, ఈయనెవరు?"

బుడతడు తనకి ఐస్‌క్రీం అందలేదన్న కోపంలో ఉన్నాడు. తాతని ఎగాదిగా చూసి, "తెలీదు," అన్నాడు.

"ఒరే వెధవా, నీకు పేరు పెట్టిందే నేనురా!" అని తాతగారు మొత్తుకుంటున్నా వినకుండా, ఇద్దర్నీ అనౌన్స్‌మెంట్ గదికి నడిపించాడు ఇన్‌చార్జి. వెనక సగం జనం, చప్పట్లు, "పిల్లాడు దొరికాడు!" అని కేకలు. ఆకలికి కాళ్ళు తేలిపోతున్నా ఆయన ఛాతీ మాత్రం పొంగిపోయింది.

తలుపు తోశాడు. లోపల అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్వేంటమ్మా ఇక్కడ? ఆ పిల్లాడి తల్లి ఏది?"

జవాబుగా అమ్మ లేచి ఆయన చెవి పట్టుకుంది. "చిటికెలో వస్తానని ఎక్కడికి పోయావురా చంటోడా! ఫోన్ చేస్తే నా సంచే మోగింది! ఎక్కడ పడిపోయావో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి!"

మైకు అమ్మాయి బిక్కచచ్చిపోయింది. "వయసెంతని అడిగాను సార్. 'నాకింకా చంటోడే' అన్నారు..."

ఇంతలో పార్కు యజమాని ముచ్చెమటలతో ఊడిపడ్డాడు. తన ఉద్యోగం పోయినట్టేనని ఇన్‌చార్జి కళ్ళు మూసుకున్నాడు. కానీ బయట జనం, "పిల్లాణ్ణి చూపించండి!" అని హోరెత్తిస్తున్నారు.

"చూపించకపోతే కుర్చీలు విరిచేస్తారు. పదండి," అన్నాడు యజమాని.

తల్లి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కాడాయన. బొజ్జ, మీసం, ఎర్రబడ్డ చెవి. తప్పిపోయిన చంటోడు ఈయనేనని మైకులో చెప్పగానే జనం గుడ్లప్పగించారు. "నన్ను దొంగని చేసింది వీడే!" అని తాతగారు అరవడంతో పార్కంతా ఒక్కసారి ఘొల్లుమంది. గాయని నవ్వాపుకుంటూ జోలపాట ఎత్తుకుంది. పసివాళ్ళు, ముసలివాళ్ళు, ఇంకా గాల్లోనే వేలాడుతున్న జెయింట్ వీల్ వాళ్ళు, అందరూ గొంతు కలిపారు. ఆ రోజు అన్ని వయసులవాళ్ళూ కలిసి పాడిన పాట అదొక్కటే.

అమ్మకి ఇవేవీ పట్టలేదు. డబ్బా మూత తీసి, ముద్ద కలిపి నోటికందించింది. సిగ్గుతో చచ్చిపోతూనే ఆయన నోరు తెరిచాడు. ఆకలి మరి.

మర్నాడు యజమాని కొత్త నియమం పెట్టాడు: పార్కులోకి వచ్చే ప్రతి పిల్లాడి చేతికీ ఇంటివాళ్ళ ఫోన్ నంబరున్న పట్టీ కట్టాలి. మొదటి పట్టీ సెక్యూరిటీ ఇన్‌చార్జికి కట్టారు.