బ్రేకు వాళ్లది, బాధ్యత మాది

పార్సెళ్లు పంచే డ్రైవరంత అదృష్టవంతుడు ఈ భూమ్మీద లేడు. నవ్వకండి! మన డులూత్ ఊరి కొండవీధుల్లో పద్నాలుగేళ్లుగా మీ గుమ్మాల ముందు పెట్టెలు దించుతున్నవాణ్ణి, తెలిసే చెబుతున్నాను.

వ్యాను కంపెనీది. తాళంచెవి కంపెనీది. మరమ్మతు షెడ్డు, అందులో ఉండాల్సిన మెకానిక్కు, ఆ మెకానిక్కు ఎప్పుడొస్తాడన్న రహస్యం, అన్నీ కంపెనీవే. మరి మాకేం మిగిల్చింది? బాధ్యత! తన దగ్గర పిసరంత కూడా ఉంచుకోకుండా మొత్తం మాకే ధారపోసింది. ఇంత ధర్మాత్ముణ్ణి మీరెక్కడైనా చూశారా? ఆసుపత్రిలో మిమ్మల్ని కోసే ముందు, కత్తి పదును నేనే చూసుకున్నానని మీ చేత సంతకం పెట్టిస్తారా? పెట్టించరు. మీకంత గౌరవం ఎవరిస్తారు!

పొద్దున్నే బండి తియ్యకముందు కంపెనీ ఇచ్చిన ఫోను అడుగుతుంది. బ్రేకులు బాగున్నాయా? టైర్లు బాగున్నాయా? అద్దాలు, దీపాలు, వైపర్లు, సీటు బెల్టు? ముప్పైఆరు ప్రశ్నలు. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కల్లో ఏనాడూ గట్టెక్కలేదు. ఇప్పుడు రోజూ ముప్పైఆరుకి ముప్పైఆరు! చదువుకున్న మీలో ఎవరికైనా వచ్చాయా?

ఈ పరీక్షలో తికమక ఉండదు. "బాగుంది" అని నొక్కితే రోజంతా పని. "బాగా లేదు" అని నొక్కితే బండి ఆగిపోతుంది. వేరే బండి ఉండదు. ఇంటికెళ్లి కిటికీలోంచి మంచు చూసుకోవచ్చు, కూలి లేకుండా. జవాబు ఇంత ప్రేమగా చెవిలో చెప్పే ప్రశ్నపత్రం ఏ బళ్లో ఇస్తారండీ?

పైగా తొందరలో తప్పు చేస్తామేమోనని ఫోనుకి మహా దిగులు. రెండు నిమిషాలు గడిస్తేగాని తనిఖీ ముగించనివ్వదు. అందుకే మేం పది సెకన్లలో అన్నీ నొక్కేసి, మిగతాసేపు కాఫీ తాగుతూ భద్రత గురించి లోతుగా ఆలోచిస్తాం.

మా ఆర్విడ్ ఇరవైరెండేళ్లుగా నడుపుతున్నాడు. బండి మీద గీత పడనివ్వలేదు. ఒకరోజు కాఫీ కప్పు ఊదుకుంటూ నాలుగు టైర్లూ భేషుగ్గా ఉన్నాయని నొక్కాడు. ఆ సమయానికి బండి షెడ్డులో జాకీల మీదుంది, ముందు చక్రాలు రెండూ ఊడదీసి! ఎద్దు ఈనిందంటే దూడని గాట్లో కట్టెయ్యమన్నట్టు, ఫోను "ధన్యవాదాలు, క్షేమంగా వెళ్లిరండి" అంది. ఆ నెల భద్రతలో మొదటి స్థానం ఆర్విడ్‌దే. గోడకి ఫొటో కూడా తగిలించారు.

అయితే ఈ ఏర్పాటులోని గొప్పతనం నాకు పూర్తిగా బోధపడింది గత నెలలోనే.

ఆర్విడ్ బండి బ్రేకు పెడలు నేలకి అంటుకుపోవడం మొదలెట్టింది. మాకు బండ్లు కేటాయించే డార్లా దగ్గరికి వెళ్లాడు. నేను పక్కనే ఉన్నాను.

"డార్లా తల్లీ, పెడలు నేలదాకా పోతోందే. కొండ దిగుతుంటే ప్రాణం గొంతులోకొస్తోంది."

"ఫోన్లో రాశావా?"

"రాస్తే బండి ఆపేస్తావుగా!"

"బండొక్కటేనా, నువ్వూ ఆగుతావు. నోటితో చెప్పావుగా, చాల్లే బాబాయ్. చేత్తో మాత్రం రాయకు. శుక్రవారం మెకానిక్కొస్తాడు."

"ఏ శుక్రవారం?"

"పొద్దున్నే తిక్క ప్రశ్నలెయ్యకు. రెండుసార్లు తొక్కు, అదే పట్టుకుంటుంది."

పదకొండు రోజులు పొద్దున్నే, నేను పక్కన కాఫీ తాగుతుండగానే, నోటితో చెప్పాడు. పదకొండు రోజులూ చేత్తో "బాగుంది" అని నొక్కాడు. పదకొండో రోజు మధ్యాహ్నం, సరస్సు వైపు దిగే వీధిలో, పెడలు కిందికి పోయి మరి పైకి రాలేదు. కింద కూడలి నిండా కార్లు. ఆర్విడ్ బండిని పక్కనున్న మంచుకుప్ప మీదికి తిప్పాడు. కుప్ప వెనక ఒక ఇల్లు, ఇంటి మెట్ల మీద మంచు ఎత్తిపోసుకుంటున్న ఒకావిడ. బండి కుప్ప దాటుకుని మెట్లకి గుద్దుకుంది. ఆవిడ కాలు రెండుచోట్ల విరిగింది. ఆర్విడ్ భుజం జారింది.

కంపెనీ ఎంత చలించిపోయిందో! గంటలో కాగితాలు బయటికి తీసింది. పదకొండు రోజులు, పదకొండు "బాగుంది"లు, ప్రతి దాని కిందా ఆర్విడ్ పేరు. బ్రేకు లోపం దాచి జనం ప్రాణాలతో ఆడుకున్న డ్రైవరట! లైసెన్సు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఈ గురువారం విచారణలో తేలుతుంది. లైసెన్సు పోతే యాభైతొమ్మిదేళ్ల మనిషికి ఈ ఊళ్లో ఇంకెవడు పనిస్తాడు?

ఇన్సూరెన్సు ఆయన నన్నూ అడిగాడు. "బ్రేకుల సంగతి అతను ముందే చెప్పానంటున్నాడు. మీరు విన్నారా?"

ఆయన వెనకే డార్లా నిలబడి ఉంది.

"నేను కాఫీ తాగుతున్నానండీ" అన్నాను.

అబద్ధం కాదు చూడండి! తాగుతూనే ఉన్నాను. పద్నాలుగేళ్లు "బాగుంది" నొక్కి నొక్కి నా వేలు నేర్చిన విద్యే నా నాలుకకీ అబ్బింది.

ఆ సాయంత్రం ఆర్విడ్ ఫోను చేశాడు. తిడతాడనుకున్నాను.

"ఏరా, నిజంగా వినలేదా?"

భుజం ఎలా ఉందని అడిగాను నేను.

"సర్లే. నీకూ ఇల్లు గడవాలిగా" అని పెట్టేశాడు. అంతకన్నా బూతులు తిట్టినా బాగుండేది.

ఈ పొద్దున ఆ బండినే బాగుచేయించామని నాకిచ్చారు. గేటు దాకా నడిపాను. పెడలు మెత్తగా, మర్యాదగా, అడుగుకంటా దిగిపోయింది. వెనక్కి తెచ్చి పెట్టి ఫోను తీశాను. "బాగా లేదు" అన్న బొత్తాం నొక్కాను. అది నొక్కితే తెర మొత్తం ఎర్రబడుతుందని పద్నాలుగేళ్లకి ఇవాళే తెలిసింది.

డార్లా పరిగెత్తుకొచ్చింది. "పిచ్చెక్కిందా నీకు? లోపల నూటఎనభై పెట్టెలున్నాయి!"

"ఉండనీ. వాటి కాళ్లేం విరగవు."

"నోటితో చెబితే చచ్చిపోతావా?"

"నేను కాదు తల్లీ, ఇంకెవరో పోతారు."

ఇంటికి పంపేశారు. ఈ నాలుగు ముక్కలు రాసే తీరిక అలా దొరికింది నాకు.

కాబట్టి పాఠకులారా, మీ పెట్టె ఇవాళ రాదు. కంపెనీ మీద విసుక్కోకండి, వాళ్ల తప్పేం లేదు. గురువారం కూడా మీ వీధికి నేను రాను. విచారణలో ఆర్విడ్ పక్కన కూర్చుని, ఆ పదకొండు రోజులూ నా చెవులతో విన్నది చెప్పాలి. కాఫీ తాగకుండా వెళ్తాను.