పోర్టికో మీద ఎర్ర గీతలు

బుధవారం పొద్దున్న ఆంజనేయప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రేపల్లె పాసింజరులో తెనాలి దిగే సీమోను మేస్త్రికి పోర్టికో గోడ మీది పగుళ్ళు చూపించాలి. శనివారం కల్లా వాటిని పూడ్పించి, పైన ఓ చెయ్యి రంగు వేయించాలి. ఆదివారం మధ్యాహ్నం బాపట్ల నుంచి భోజనానికొచ్చే బావగారి ఎదుట ఏమీ ఎరగనట్టు కూర్చుని ముద్దపప్పు కలుపుకోవాలి.

పగుళ్ళంటే ఇల్లు కూలే పగుళ్ళేం కావు. వెంట్రుక మందానివి కొన్ని, గోరు దూరేవి కొన్ని, వెరసి పదకొండు. ఇంకొకడైతే దీపావళికి చూద్దాంలే అనుకునేవాడు. కానీ ఇంకొకడికి వెంకటరత్నం లాంటి బావగారు ఉండడు.

వెంకటరత్నం ఆంజనేయప్రసాద్ భార్య కనకమహాలక్ష్మికి అన్నగారు. ఇంజనీరుగా రిటైరయ్యాడు గానీ ఇంజనీరింగు మాత్రం ఆయన్ని వదల్లేదు. తొమ్మిదేళ్ళ క్రితం ఈ ఇంటికి ప్లాను గీసిందీ, నిలబడి పునాదులకి ముగ్గు పోయించిందీ ఆయనే. ప్లాస్టింగు అయ్యాక గోడలకి ఇరవై ఒక్క రోజులు నీళ్ళు కొట్టమని చెప్పి వెళ్ళాడు. గృహప్రవేశం ముహూర్తం తోసుకొస్తోందని ఆంజనేయప్రసాద్ ఏడో రోజుకే పైపు చుట్టేశాడు. "రాసిపెట్టుకో బావా, ఈ గోడ పగులుద్ది" అని గృహప్రవేశం నాడు పురోహితుడి మంత్రాల మధ్యలోనే శాపం పెట్టాడు వెంకటరత్నం.

ఆనాటి నుంచీ ఎప్పుడొచ్చినా ఆయన చెప్పులు విడవకముందే గోడని వేళ్ళ కణుపులతో తట్టి, చెవి ఆనించి, "ఇంకా పగల్లేదే" అంటూ లోపలికొస్తాడు. అది విన్నప్పుడల్లా ఆంజనేయప్రసాద్ మీసం మీదికి చెయ్యి పోతుంది. ఆయన బావగారి మీద గెలిచింది జన్మలో ఆ ఒక్క గోడే. అదీ పోయిందంటే ఇక బతికినన్నాళ్ళూ ఆవకాయతో పాటు ఆ ఏడు రోజుల నీళ్ళ సంగతిని కూడా నంజుకోవాలి.

సీమోను అడవులదీవి మనిషి. ఉప్పుగాలి తినేసిన గోడల్ని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నవాడు కాబట్టి తొందరన్నది ఎరగడు. తాపీ పిడితో గోడంతా తట్టి విని తల ఊపాడు.

"పూడ్చెయ్ సీమోనూ, ఎంతసేపు?" అన్నాడు ఆంజనేయప్రసాద్.

"పూడ్చటం ఎంతసేపండి, పూట పని. అసలు ఈ పగులు ఆగిందా, ఇంకా పాకుతుందా అని చూడకుండా పూడిస్తే నెల తిరక్కముందే అక్కడే విచ్చుద్ది. కొసలకి గుర్తులు పెట్టి పోతానండి. శనివారం వచ్చి చూస్తా. గీత దాటకపోతే అప్పుడే పని ముగించి సాయంత్రం బండికి పోతా. ఆదివారం మాత్రం నన్ను పిలవమాకండి, చర్చికి పోవాల."

సంచీలో ఎర్ర రంగు డబ్బా ఒకటి దొరికింది. పదకొండు పగుళ్ళ కొసలకీ అడ్డగీతలు గీసి నంబర్లు వేశాడు. ప్లాస్టింగు డొల్లగా పలికిన చోట పైనుంచి కిందికి నిలువు గీత లాగి, పక్కన పెద్ద ఇంటూ మార్కు పెట్టాడు. తను రావలసిన రోజు గుర్తుగా కింద 'శని' అని రాశాడు.

"ఇంటి మీద శని అని రాస్తావేంటయ్యా!" అని కనకమహాలక్ష్మి కాఫీ గ్లాసుతో సహా అదిరిపడింది. సీమోను నింపాదిగా దాని పక్కన 'వారం' చేర్చి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగాడో లేదో, ఎదురింటి కుసుమకుమారి గేటు దగ్గరికొచ్చింది. మంచి మనిషే. కాకపోతే వెంకటరత్నం భార్యతో కలిసి చదువుకుంది. అందువల్ల తెనాలిలో ఈ వీధిలో ఎవరైనా తుమ్మితే బాపట్లలో చిరంజీవ అంటారు.

"ఏంటన్నయ్యగారూ, గోడ మీద ఆ గీతలు? ఎవరు గీశారు?"

పగుళ్ళన్న మాట ఆంజనేయప్రసాద్ నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెంటే బావగారి మొహం కూడా వచ్చింది. "ఏమోనమ్మా, ఎవరో ఆఫీసువాళ్ళు. వచ్చారు, గీసుకుని పోయారు" అన్నాడు.

"ఏ ఆఫీసండీ? మునిసిపాలిటీయా?"

"అయ్యుండొచ్చు."

కుసుమకుమారి చూపు నిలువు గీత వెంట కిందికి దిగి, ఇంటూ మార్కు దగ్గర ఆగి, 'శనివారం' దగ్గర కొయ్యబారిపోయింది. "అయ్యో అన్నయ్యగారూ, ఇది రోడ్డు వెడల్పండీ! మా పిన్ని వాళ్ళ వీధిలో ఇట్టాగే గీతలు పెట్టి, గీత దాకా కొట్టేశారు!" అంటూ కొంగు బిగించి పక్కింటికి పరుగెత్తింది. ఆంజనేయప్రసాద్ ఆమెని వెనక్కి పిలవచ్చు. పిలవలేదు.

ఆయన వృత్తి దస్తావేజులు రాయడం. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల దగ్గర రెండు దస్తావేజులు ముగించి మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి వీధి పోల్చుకోలేనట్టుగా ఉంది. మూల మీద టిఫిన్ బండి అన్నమ్మ తన రేకుల పందిరి విప్పేసి, పొయ్యి ఇంట్లోకి మార్చేసింది. రెండిళ్ళ అవతల ఈశ్వరప్రసాద్ గునపం పట్టుకుని తన గుమ్మం మెట్లకున్న నల్లరాళ్ళు ఒక్కొక్కటే పెకలిస్తున్నాడు.

"మిషనొస్తే ముక్కలు చేసుద్దండీ. మనమే ఊడదీసుకుంటే రాళ్ళన్నా దక్కుతాయి. మీరింకా మొదలెట్టలేదేంటి?" అన్నాడు ఈశ్వరప్రసాద్ చెమట తుడుచుకుంటూ.

"చూద్దాంలెండి" అన్నాడు ఆంజనేయప్రసాద్.

ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది. అందరికన్నా ముందు గీత పడినవాడు అంత నిబ్బరంగా ఉన్నాడంటే, దస్తావేజులు రాసేవాడు కదా, ఏదో పాయింటు పట్టే ఉంటాడని వీధి నమ్మింది.

"ఇప్పుడన్నా నిజం చెప్పెయ్యండి. ఆ అన్నమ్మని చూస్తే కడుపు తరుక్కుపోతోంది" అంది కనకమహాలక్ష్మి అన్నం వడ్డిస్తూ.

"చెప్తే కుసుమ బాపట్లకి ఫోన్ చేసుద్ది."

"చేస్తే? మా అన్నయ్యేమన్నా ఉరి తీస్తాడా?"

"ఉరైతే ఒక్కసారితో పోయేది కనకం. శనివారం ఎవరూ రారు. రాకపోతే వీళ్ళే సర్దుకుంటారు. కాస్త ఓపిక పట్టు."

ఆ సాయంత్రం కుసుమకుమారి వరండాలో రక్షణ సంఘం పుట్టింది. అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్. మొదటి తీర్మానం ప్రకారం మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలి, అది అధ్యక్షుడే రాయాలి. చదివినవాడు చెత్తబుట్టలో పడేసేలా రాద్దామనే ఆయన కూర్చున్నాడు. తీరా కలం పట్టాక చెయ్యి మాట వినలేదు. ముప్ఫై ఏళ్ళుగా పేరు మోసిన చెయ్యి అది. వానొస్తే మోకాలి లోతు నీళ్ళలో మగ్గే వీధి గురించీ, ఆ నీళ్ళలో ఆరిపోయే అన్నమ్మ పొయ్యి గురించీ నాలుగు పేజీలు పారించి, 'కావున తమరు దయతో పాత రికార్డులు తీయించి, వీధి యావత్తూ కొలిపించి, న్యాయం చేయ ప్రార్థన' అని ముగించాడు. చదివి వినిపిస్తుంటే అన్నమ్మ కళ్ళొత్తుకుంది. ఆంజనేయప్రసాద్‌కీ కళ్ళు చెమర్చాయి. తను రాసింది అబద్ధమన్న సంగతి ఆ క్షణాన ఆయనకే గుర్తు లేదు.

గురువారం అర్జీ చేరింది. శుక్రవారం పొద్దున్న కుసుమకుమారి వెలిగిపోతున్న మొహంతో వచ్చింది.

"రత్నం అన్నయ్యగారికి ఫోన్ చేశానండీ. ఆదివారం దాకా ఆగరంట. రేపు పొద్దున బండికే వస్తున్నారు. 'నేను గీసిన ప్లాను మీద చెయ్యేసేదెవడో చూస్తా' అన్నారండీ!"

ఆంజనేయప్రసాద్ అరుగు మీద కూలబడ్డాడు. ఆమె గేటు దాటగానే లేచి, తడిగుడ్డ తెచ్చి గోడ రుద్దబోయాడు.

"బాబూ, బాబూ! సాక్ష్యం తుడిచేస్తారేంటి!" అని అన్నమ్మ అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చింది. వెంటనే సంఘం కూడి, ఎవరూ చెరపకుండా గీతల మీద ప్లాస్టిక్ పట్టా కప్పించింది. ఆయనకి ఇల్లు కట్టిన నాడు కూడా ఆ గోడ మీద అంత భయం, భక్తీ కలగలేదు.

శనివారం తొమ్మిదింటికి వెంకటరత్నం ఆటో దిగాడు. వీధి మొత్తం పోర్టికో ముందే ఉంది. ఆయన పట్టా ఎత్తి గోడ తట్టబోతుండగా, టేపు, పాత మ్యాపు చుట్ట పట్టుకుని మునిసిపాలిటీ సర్వేయరు మోటార్ సైకిల్ ఆపాడు. గీతల వైపు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇవి మేం పెట్టినవి కాదండీ. ఈ వీధికి వెడల్పు పనే లేదు."

"మరెవరు పెట్టారు?" అన్నాడు ఈశ్వరప్రసాద్. ఆయన చేతిలో గునపం ఇంకా ఉంది.

సరిగ్గా అప్పుడే జనాన్ని తప్పించుకుంటూ సీమోను వచ్చాడు. ఎవరినీ పట్టించుకోకుండా వంగి గీతలు పరీక్షగా చూసి, పెదవి విరిచాడు. "బాబుగారూ, మీ పగుళ్ళు నేను పెట్టిన గీతలు దాటి వేలెడు పాకినయ్యండి."

వీధి మొత్తం ఆంజనేయప్రసాద్ వైపు తిరిగింది. వెంకటరత్నం మాత్రం మెల్లగా గోడని తట్టి, చెవి ఆనించాడు. తొమ్మిదేళ్ళుగా దాచుకున్న నవ్వు ఆయన మొహమంతా పరుచుకుంది. "ఏడు రోజులు" అన్నాడు తీయగా. "ఏడంటే ఏడే రోజులు కొట్టావు బావా నీళ్ళు. ఆ రోజే చెప్పానా లేదా?"

ఆంజనేయప్రసాద్‌కి ఇక దాక్కునే చోటు లేకపోయింది. "నాదే తప్పు. ఆఫీసువాళ్ళెవరూ రాలేదు. బావగారికి పగుళ్ళు తెలియకూడదని అబద్ధమాడాను. చెప్పాల్సినప్పుడు చెప్పలేకపోయాను" అన్నాడు తల దించుకుని. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. అన్నమ్మ ఒకసారి విప్పిన రేకుల వైపు, ఒకసారి ఆయన వైపు చూసింది. ఆ చూపు కన్నా బావగారి నవ్వే నయమనిపించింది.

"ఒక్క నిమిషమండీ" అన్నాడు సర్వేయరు. "వెడల్పు లేదన్నాను గానీ, కొలవకుండా వెళ్ళడానికి లేదు. ఆ అర్జీ మా పెద్దాయన రెండుసార్లు చదివి, మొత్తం వీధి కొలిచి రమ్మన్నారు."

కొలిచాడు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా టేపు పట్టి, మ్యాపు చూసుకుని తృప్తిగా తలూపాడు. "మెట్లూ, రేకులూ మీకై మీరే తీసేశారు, చాలా సంతోషం. ఇక కాలువ స్థలంలో మిగిలింది ఒక్కటే కట్టడం. ఈ పోర్టికో. మీ దస్తావేజు ఓసారి చూపిస్తారా?"

కనకమహాలక్ష్మి తెచ్చిచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఆంజనేయప్రసాద్ సొంత దస్తూరి. 'తూర్పు హద్దు: మునిసిపల్ మురుగు కాలువ.' సర్వేయరు తూర్పుకి చూశాడు. అందరూ చూశారు. కాలువ కనిపించలేదు.

సీమోను ఈశ్వరప్రసాద్ చేతిలోంచి గునపం తీసుకుని పోర్టికో నేల మీద రెండు పోట్లు పొడిచాడు. డొల్లగా పలికింది. "ఇదిగోనండి మీ కాలువ. దీన్ని మట్టితో పూడ్చి పైన స్తంభాలు లేపారు. మట్టి దిగుతుంటే గోడ పగలక ఏం చేసుద్ది? ఇరవై ఒక్క రోజులు కాదు, ఏడాది పొడుగూతా నీళ్ళు కొట్టినా పగిలేదే."

"అందుకా వానొస్తే నా పొయ్యి మునిగేది!" అంది అన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని.

ఆంజనేయప్రసాద్ తలెత్తాడు. ముగ్గు పోసిన రోజు ఆయన కళ్ళ ముందు మెదిలింది. 'రెండడుగులు ముందుకి జరుపు బావా, కాలువని అడిగేదెవడు?' అన్న వెంకటరత్నం గొంతు కూడా చెవిలో మోగింది. బావగారి వైపు చూశాడు. వెంకటరత్నం కరెంటు స్తంభం మీది కాకిని ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.

"సీమోనూ, ఆ నీళ్ళ మాట ఇంకోసారి చెప్పు" అన్నాడు ఆంజనేయప్రసాద్.

"ఏడాది కొట్టినా పగులుద్దండి."

"విన్నావా కనకం? నీళ్ళ వల్ల కాదంట! ప్లాను వల్లంట!" అని వీధంతా వినబడేలా అరిచాడు. పదిహేను రోజుల్లో పోర్టికో తొలగించమని సర్వేయరు రాసిచ్చిన నోటీసు మీద, బడిలో బహుమతి అందుకున్న పిల్లాడిలా నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఆదివారం భోజనం జరగలేదు. సంఘం చివరి తీర్మానం ప్రకారం అధ్యక్షుడైన ఆంజనేయప్రసాదే ఈశ్వరప్రసాద్ మెట్ల నల్లరాళ్ళన్నీ మోసి, అన్నమ్మ రేకులు కాలువకి ఇవతలగా తనే ఎక్కించి కట్టాడు. అన్నమ్మ దగ్గరుండి రెండుసార్లు విప్పించి మళ్ళీ కట్టించింది. ఆ తర్వాత పెట్టిన ఇడ్లీలో మాత్రం అల్లం పచ్చడి ఎక్కువే వేసింది.

పోర్టికో పడగొట్టారు. కాలువ పారింది. రెండడుగులు వెనక్కి జరిగి సీమోను కొత్త గోడ కట్టి, ప్లాస్టింగు చేసిన రోజు సాయంత్రమే వెంకటరత్నం పెట్టె పట్టుకుని దిగాడు. ప్లాను ఊసెత్తలేదు. "జరిగిందేదో జరిగింది బావా, ఈసారన్నా నీళ్ళు సరిగ్గా కొట్టాలి. నువ్వు ఏడో రోజుకే పైపు చుట్టేసే రకానివి" అన్నాడు చెప్పులు విడుస్తూ.

రోజూ పొద్దున్నే ఆయన పైపు పట్టుకుని ఇరవై ఒక్క రోజులూ గోడని తడిపాడు, ఆంజనేయప్రసాద్ పక్కన నిలబడి ఇరవై ఒక్క రోజులూ విన్నాడు. ఇరవై రెండో రోజు ఆదివారమైంది కాబట్టి, ఎలాగూ ఉన్నాను కదా, భోజనం చేసి వెళతానన్నాడు వెంకటరత్నం.