ఏసీ గదిలో గుర్రపుడెక్క

మా బావమరిది వెంకట్రాజు పన్ను పీకించుకోవడానికి తాడేపల్లిగూడెం వచ్చాడు. పన్ను ఊడింది. మనిషి ఊడలేదు.

నవ్వకండి. మీ ఇంటికి రాలేదు కాబట్టి మీకు నవ్వొస్తుంది.

అతను ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చూసుకునే మేనేజరు. ఒకటి రెండు రోజులుండి వెళ్తానని చిన్న సంచీతో దిగాడు. అసలే ఎండాకాలం. మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. మా ఇల్లు అంటున్నాను గానీ ఇల్లు మా అత్తగారిది, ఆ సంగతి తర్వాత చెప్తాను. "పాపం, నొప్పితో ఉన్నాడు, చల్లగా పడుకుంటాడు" అని మా ఆవిడ పద్మప్రియ తను వాళ్లమ్మ గదిలోకి మారిపోయి, నా దిండు హాల్లో పడేసింది. దిండు ఎక్కడుంటే మొగుడు అక్కడుంటాడని ఆవిడ నమ్మకం.

హాల్లో ఫ్యాను ఉంది. తిరుగుతుంది కూడా. గాలి మాత్రం తన పరిధిలోని విషయం కాదన్నట్టు ఉంటుంది.

భోజనాల దగ్గర ఇంకో అన్యాయం. పన్ను లేదని చేపల పులుసులో మెత్తటి ముక్కలన్నీ అతనికి, పళ్ళున్నాయని ముళ్ళన్నీ నాకు. మా అత్తగారు రత్నమాణిక్యం గారి న్యాయం అది.

ఆగలేక పద్మను అడిగాను. "మీ తమ్ముడు ఎప్పుడెళ్తాడో?"

"వాడేవన్నా మీ నెత్తిమీద కూర్చున్నాడాండీ?"

"నెత్తిమీద కూర్చుంటే దించొచ్చు. ఏసీ కింద పడుకున్నాడు."

"అయితే వెళ్లమని మీరే చెప్పండి. మీ నోటితో అనండి చూద్దాం."

ఎలా అంటాను? బావమరిదిని పొమ్మన్న మొగుడు గోదావరి జిల్లాల్లో బతికి బట్టకట్టినట్టు నేను వినలేదు. పైగా మర్యాదలకు పేరుపడ్డ ప్రాంతం మాది. మనిషిని పొమ్మనాలన్నా "అప్పుడే వెళ్లిపోతారేంటండీ" అనే అనాలి. అతను నిజమే కాబోలనుకుని ఉండిపోతే కాఫీ కలిపివ్వాలి.

సరిగ్గా అప్పుడే నా వృత్తి నన్ను ఆదుకుంది. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. ఎనిమిదో తరగతికి ఆక్రమణ జాతుల పాఠం మొదలుపెట్టాను.

"ఎక్కడినుంచో వచ్చి, ఇక్కడి జీవుల తిండీ చోటూ లాక్కుని, కదలకుండా పాతుకుపోయేవే ఆక్రమణ జాతులు" అని చెబుతుంటే నా గొంతు వణికింది. పిల్లలు నాది ప్రకృతి మీద ప్రేమనుకున్నారు.

ఆ వణుకులోంచే ఉపాయం పుట్టింది. మా పెరట్లో, ఏసీ గది కిటికీ కింద, ఓ సిమెంటు తొట్టి ఉంది. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు అందులో పడతాయి. పద్మ అందులో ఊదారంగు పూల కోసం గుర్రపుడెక్క పెంచుతోంది. కొల్లేరునుంచి ఆ మొక్కలు తెచ్చిచ్చింది ఎవరనుకున్నారు? వెంకట్రాజే. ఆ తొట్టి దగ్గర పాఠం చెబితే ప్రతి ముక్కా కిటికీలోంచి తిన్నగా అతని చెవిలో పడుతుంది. సిగ్గుపడి తనే సంచీ సర్దుకుంటాడు, నా నోటికి మచ్చ రాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చనే ఇంటికి పిలిచాను.

ఆదివారం పొద్దున్నే పిల్లలు దిగారు. వాళ్లకి నాయకురాలు హెప్సిబా, జవాబు దొరికేదాకా వదలని రకం. దాని పక్కన తాహిర్, వాడు జవాబు దొరికాక కూడా వదలడు.

"చూడండి పిల్లలూ! ఇది వచ్చేటప్పుడు రెండే రెండు మొక్కలు. 'కాస్త చోటివ్వండి చాలు' అన్నట్టుంటుంది. ఆ తర్వాత తొట్టంతా దీనిదే" అన్నాను, కిటికీ వైపు తిరిగి గట్టిగా. "పాపం అక్కడ ముందునుంచీ ఉన్న జీవికి గాలాడదు! వెలుతురుండదు! హాల్లో పడుండాలి!"

"చేపలు హాల్లో ఉంటాయా సార్?" అన్నాడు తాహిర్.

సర్దుకునేలోపు లుంగీ ఎగ్గట్టుకుని వెంకట్రాజే బయటికొచ్చాడు. మొహం మీద సిగ్గు లేదు సరికదా, వెలిగిపోతోంది.

"భలే చెప్తున్నారండీ బావగారూ! మా చెరువులో కూడా రాకాసి చేప పడిందండీ. ఎవరో ఎక్వేరియంలో పెంచి కాలవలో వదిలేశారంట. వల చింపేసుద్దండి, మేతంతా మింగేసుద్దండి, గట్టునేసినా ఓ పట్టాన చావదండి!"

"అవునవును. అలాంటివి ఓ పట్టాన వదలవు" అన్నాను అతని కళ్ళలోకి చూస్తూ.

"వదలవండీ!" అన్నాడు నా కళ్ళలోకి చూస్తూ.

పన్నుతోపాటు డాక్టరు ఇంకేదైనా పీకేశాడేమోనని నాకు అనుమానమొచ్చింది. పద్మకి మాత్రం అంతా అర్థమైంది. మజ్జిగ గ్లాసులు పంచుతున్నదల్లా ఆగి, కొంగు నడుముకి చుట్టుకుంది.

అక్కడితో ఆపినా బాగుండేది. మందు డోసు చాల్లేదనుకుని నేనే అన్నాను. "పిల్లలూ, ఇప్పుడు మీకు పని. ఈ ఇల్లంతా పరిశీలించి, బయటినుంచి వచ్చి పాతుకుపోయిందేదో కనిపెట్టండి."

"మనుషుల్ని కూడానా సార్?" అంది హెప్సిబా.

"అందరినీ!" అన్నాను ఉత్సాహంగా.

హెప్సిబా తిన్నగా మా అత్తగారి దగ్గరికెళ్లింది. "అమ్మమ్మగారండీ, ఈ ఇంట్లో ఎవరెవరు పుట్టారండీ?"

"మా పద్మా, మా వెంకట్రాజూ ఇద్దరూ ఇక్కడే పుట్టారమ్మా. అదిగో, ఇప్పుడు ఏసీ పెట్టారే, ఆ గదిలోనే."

"సార్, ఈయన స్థానిక జాతి! సహజ ఆవాసంలోనే ఉన్నారు" అన్నాడు తాహిర్.

"మరి మీరెక్కడివారు సార్?" అంది హెప్సిబా.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఇంటికి నేను ఇల్లరికపు అల్లుణ్ణని. ఏసీ అలవాటైన మనిషికి ఇలాంటివి గుర్తుండవు.

"నేనా... పెంటపాడు. ఎంత దూరమని, కేకేస్తే వినపడుద్ది."

"అంటే బయటేగా సార్."

"పెళ్లయిన కొత్తలో అద్దిల్లు దొరికేదాకా ఉంటామన్నారమ్మా మా అల్లుడుగారు. ఓ చిన్న సంచీతో వచ్చారు. పాపం, ఇల్లు ఇంకా దొరకలేదు" అన్నారు అత్తగారు.

ఆవిడ గొంతులో వెటకారం ఉందో లేదో నాకిప్పటికీ తేలలేదు. మా వైపు మర్యాదతో వచ్చిన చిక్కే అది.

"ఏం తింటారండీ?" అని తాహిర్ పద్మను అడిగాడు.

"ఏది పెడితే అది బాబూ. పన్నులేనోడి కంచంలో ముక్క మీద కూడా కన్నేస్తారు."

పిల్లలు ఓ మూలకి చేరి గుసగుసలాడుకున్నారు. హెప్సిబా నావైపు జాలిగా చూసింది. "సార్, మీరేం అనుకోకపోతే..."

నా పరువు, నా ఉద్యోగం, నా ఏసీ, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "ఆగండి!" అని అరిచాను. "ముఖ్యమైన లక్షణం మర్చిపోయారు. ఆక్రమణ జాతికి కొత్తచోట సహజ శత్రువు ఉండకూడదు!"

పిల్లల తలలన్నీ మెల్లగా పద్మ వైపు తిరిగాయి. నడుముకి చుట్టిన కొంగుతో, చేతిలో మజ్జిగ గరిటెతో ఆవిడ నిలబడి ఉంది.

"ఉన్నారు సార్" అన్నాడు తాహిర్.

"అయితే సార్ ఆక్రమణ జాతి కాదు" అని హెప్సిబా తీర్పు చెప్పింది. "బయటి జాతే గానీ, అదుపులో ఉన్నారు."

అందరికంటే గట్టిగా వెంకట్రాజు నవ్వాడు. నవ్వి నవ్వి లోపలికెళ్లి సంచీ పట్టుకొచ్చాడు. "సరేనక్కా, సాయంత్రం బస్సుకెళ్దామనుకున్నాను గానీ, ఎండ ముదరకుండా ఇప్పుడే పోతాను."

నా గుండె ఒక్క క్షణం చల్లగా అయింది. ఆ క్షణంలోనే అత్తగారు ఆ సంచీ లాక్కున్నారు.

"ఎక్కడికిరా? పుట్టిన చోటొదిలి చెరువుగట్ల మీద మాడిపోతున్నావు. స్థానిక జాతిని కాపాడుకోవాలని అల్లుడుగారు అంత చక్కగా చెప్తే వినపళ్ళేదా? మీ ఓనరుకి ఫోన్ చేసి చెప్పు, ఎండలు తగ్గేదాకా రానని."

"ఆవాస పునరుద్ధరణ సార్!" అని తాహిర్ చప్పట్లు కొట్టాడు. ఆ మాట వాడికి నేర్పింది నేనే.

పిల్లలు వెళ్లాక పద్మను పట్టుకున్నాను. "ఇవాళ వెళ్లిపోతున్నాడని నాకు ముందే చెప్పొచ్చు కదే!"

"నిన్న రాత్రే అనుకున్నాడండీ. మీరు నేరుగా అడిగుంటే చెప్పేదాన్ని. మీరు పాఠం చెప్పారు." గరిటెతో తొట్టి చూపించింది. "చెప్పిందెలాగూ చెప్పారు, ఆ గుర్రపుడెక్క కూడా పీకేయండి. పిల్లలు రేపొచ్చి చూస్తామన్నారు."

పీకుతున్నాను. ఒకటి పీకితే దాని వేళ్లకి ఇంకో నాలుగొస్తున్నాయి. కిటికీలోంచి వెంకట్రాజు "వేరు మిగలకూడదండీ బావగారూ, మళ్ళీ వచ్చేసుద్ది" అని సలహాలిస్తున్నాడు. అంతలో గొట్టంలోంచి చల్లటి చుక్క ఒకటి నా బట్టతల మీద పడింది.

ఈ ఎండాకాలానికి ఏసీలో నా వాటా అంతే.