పెళ్ళికారుకి టర్బో

నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వెళ్ళే హైవే మీద పరంజ్యోతి పాత మారుతీని దాటి వెళ్ళని బండి లేదు. లారీలు దాటుతాయి, గడ్డి ట్రాక్టర్లు దాటుతాయి. స్కూలు బస్సు వెనక సీటు పిల్లలైతే చెయ్యి ఊపి మరీ దాటుతారు. దాటడం ఆయన భరించాడు గానీ, చెయ్యి ఊపడం భరించలేకపోయాడు.

శనివారం పొద్దున్న పదింటికి శ్రీకాకుళం చర్చిలో ఆయన భార్య ఎలీసమ్మ మేనకోడలు గ్లోరీ పెళ్ళి. పెళ్ళికూతుర్ని తన కారులోనే తీసుకెళ్తానని పరంజ్యోతి పట్టుబట్టాడు.

“పిల్లనెట్టుకుని దారిలో ఆగిందంటే, సోమారం పాత ఇనప సామాన్లోడికి తూకానికిచ్చేస్తాను,” అంది ఎలీసమ్మ.

పరంజ్యోతి కారుని మెకానిక్ అప్పలసూరి దగ్గరికి తోలాడు. అతను ఓ డీజిలు జీపు నుంచి విప్పిన టర్బో తెచ్చి బిగించాడు. పొగగొట్టంలోంచి పోయే గాలితోనే అది తిరిగి, ఇంజనుకి ఇంకాస్త గాలి ఎక్కిస్తుందట.

“తొక్కితే ముందు ఏటీ అవ్వదు బాబూ. అవ్వలేదని ఇంకా తొక్కుతారు సూడండి, అప్పుడవుతాది,” అన్నాడు అప్పలసూరి.

శనివారం పరంజ్యోతి తొక్కాడు. ఏమీ అవలేదు. ఇంకా తొక్కాడు. అయింది. ఎలీసమ్మ ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి, గంట ముందే చర్చి గేటు కనబడుతోంది. గ్లోరీ తండ్రి బెన్హర్, చుట్టాలూ ఎక్కిన బస్సు ఇంకా నరసన్నపేట దాటలేదు.

ఇక్కడే చిక్కొచ్చింది. పెళ్ళికొడుకు వచ్చి కూర్చున్నాకే పెళ్ళికూతురు రావాలి. ముందే వస్తే పిల్ల తొందరపడిందని మనవలదాకా చెప్పుకుంటారు. పెళ్ళికొడుకు వాళ్ళేమో అరసవల్లి రోడ్డు లాడ్జిలో టిఫిన్లు చేస్తున్నారు. పదింటి పెళ్ళంటే పదకొండున్నరకని పాస్టరుగారికి తప్ప అందరికీ తెలుసు.

“ఆపకండి, పోనివ్వండి,” అంది ఎలీసమ్మ.

పోనిచ్చాడు. పూలదండల కారు లాడ్జి ముందు నుంచి రయ్యిమని వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పెళ్ళికొడుకు పెదనాన్న చేతిలో ఇడ్లీ ఆగిపోయింది.

“ఒరే, పిల్ల పారిపోతన్నాది.”

“పారిపోతే మళ్ళీ ఎందుకొస్తాది?”

“దారి తెలీక.”

రెండు కార్లు, ఒక వ్యాను వెంటపడ్డాయి. అద్దంలో వాటిని చూసిన పరంజ్యోతికి, ఇన్నేళ్ళకి తన వెనక కూడా ఎవరో ఉన్నారని ఆనందం వేసింది. ఇంకా తొక్కాడు.

చివరికి గ్లోరీయే పెళ్ళికొడుకుకి ఫోను చేసింది. “నువ్వు కూకుంటేగాని నేను దిగకూడదు. మా ఎనక పడతావేటి? సర్చికి పో ముందు.”

అందరూ చర్చికి మళ్ళారు. పెళ్ళివారిని టైముకి చూడడం పాస్టరుగారికి ఇదే మొదలు. మళ్ళీ లేచి టిఫినుకి పోతారేమోనన్న భయంతో ఆయన సరిగ్గా పదింటికి మొదలెట్టేశారు. తండ్రి స్థానంలో పరంజ్యోతి గ్లోరీని నడిపించుకెళ్ళాడు. బెన్హర్ బస్సు దిగేసరికి కూతురు అల్లుడితో మెట్లు దిగుతోంది.

“నా కూతురి పెళ్ళి నేను లేకుండా సేసీసినావేటి బావా?”

“కార్డులో పదింటికని నువ్వే ఏయించావు కదా.”

కారు దారిలో ఆగలేదు కనక ఎలీసమ్మ దాన్ని అమ్మలేదు. ఆ టర్బో ఉన్నంతకాలం చెల్లెలి గడప ఎక్కనని బెన్హర్ అంటున్నాడు. ఇకమీదట ప్రతి పెళ్ళికీ ఆ కారే పెట్టాలని పాస్టరుగారు అంటున్నారు. మా అమ్మాయి పెళ్ళితోనే మొదలట. అనుభవమున్న పాఠకులెవరైనా ఏం చెయ్యాలో దయచేసి చెప్పండి. పెళ్ళి శనివారం, ఇవాళ గురువారం, కారు అప్పుడే వచ్చేసింది.